బోటు ట్రైలర్‌కి బ్రేకులు: చట్టం లెక్క వేరు, నీళ్ళ లెక్క వేరు

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డ ఒక కుటుంబం సెకండ్ హ్యాండ్ బోటు కొంటుంది. 19 అడుగుల బోటు, దానికో మోటరు, కింద ఒంటి ఇరుసు ట్రైలర్. బేరమంతా ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది, సీట్లు ఎక్కడ చిరిగాయి అన్న దాని మీదే నడుస్తుంది. ట్రైలర్ ఊసు చివర్లో ఎప్పుడో వస్తుంది. "బ్రేకులు లేవండీ, పదేళ్ళుగా ఇలాగే లాగుతున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు" అంటాడు అమ్మేవాడు. అతను అబద్ధం చెప్పకపోవచ్చు. ఆ పదేళ్ళలో ముందు కారు సడెన్‌గా ఆగిన సందర్భం రాలేదేమో.

కొన్నాక గందరగోళం మొదలవుతుంది. చట్టం అడగడం లేదు కదా అని ఒకరు, లాగే పికప్ ట్రక్కు పెద్దది కాబట్టి ఫర్వాలేదని ఒకరు, నీళ్ళలో ముంచే బండికి బ్రేకులు పెడితే రెండేళ్ళలో తుప్పు పట్టి పోతాయని ఇంకొకరు చెబుతారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. చిక్కంతా ఆ నిజాలు ఎంతవరకు వర్తిస్తాయన్న దగ్గరే.

క్లుప్తంగా: చట్టం పెట్టిన బరువు పరిమితి చోటుని బట్టి మారుతుంది, బండి ఆగే దూరం మాత్రం ఎక్కడైనా ఒకే సూత్రం మీద నడుస్తుంది. బోటు, మోటరు, పెట్రోలు, సామాను, ట్రైలర్ కలిపి 3,000 పౌండ్లు దాటితే బ్రేకులు పెట్టించడమే సమంజసం. ఏ రకం బ్రేకు అన్నది తేల్చేది ఎక్కువగా నీళ్ళే. అందుకే బోటు ట్రైలర్లలో సర్జ్ బ్రేకులు (ట్రైలర్ తోపుతోనే పడే రకం), అందులోనూ డిస్కులు ఎక్కువ. బిగింపులో తప్పు జరిగేది ఇనుప పనిలో కన్నా వైరింగ్‌లో.

## ముందు బరువు తేలాలి

బోటు కంపెనీ బ్రోషర్‌లో ఇచ్చే బరువు ఖాళీ బోటుది. చాలాసార్లు అందులో మోటరు కూడా కలిసి ఉండదు. రోడ్డు మీద లాగే బరువు వేరు. ఒక మామూలు లెక్క చూడండి. మోటరుతో కలిపి బోటు 2,500 పౌండ్లు, ట్రైలర్ 700 పౌండ్లు. 30 గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్‌కి 6.2 పౌండ్ల చొప్పున 186 పౌండ్లు. బ్యాటరీ, లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, ఐస్ నింపిన కూలర్, పిల్లల కోసం కొన్న గాలి ట్యూబూ అన్నీ కలిపి మరో 250. మొత్తం 3,636 పౌండ్లు, అంటే సుమారు 1,650 కిలోలు. "రెండున్నర వేల బోటు" అనుకుని కొన్నవాళ్ళు నిజానికి అంతకన్నా వెయ్యికి పైగా పౌండ్లు ఎక్కువ లాగుతున్నారు.

అనుమానం ఉంటే తూకం వేయించడమే మేలు. అమెరికాలో హైవే పక్కన ట్రక్కులు ఆగే చోట్ల తూకం యంత్రాలు ఉంటాయి. పది నిమిషాల పని, ఖర్చూ తక్కువే. ట్రైలర్ ముందు కడ్డీ మీద అతికించిన చిన్న ప్లేటు కూడా చదవాలి. ట్రైలర్ మొత్తం మోయగల బరువెంత, ఒక్కో ఇరుసు మోయగలిగేది ఎంత అన్నది అక్కడ ఉంటుంది. పై ఉదాహరణలో 7 శాతం దాకా, అంటే 255 పౌండ్లు, ట్రక్కు వెనక ట్రైలర్‌ని తగిలించే హిచ్ మీద పడితే మిగతా 3,381 పౌండ్లు ఇరుసు మీద పడతాయి. ఆ ఇరుసు 3,500 పౌండ్లదైతే మిగులు నూట పందొమ్మిది పౌండ్లే. బ్రేకులు పెట్టినంత మాత్రాన ఆ పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు. బ్రేకు బండిని ఆపుతుంది, బరువు మోయదు.

## చట్టం ఎక్కడ గీత గీసింది

అమెరికాలో సొంత వాడకానికి లాగే ట్రైలర్ల బ్రేకుల నియమం రాష్ట్రాల చేతిలో ఉంది. చాలా రాష్ట్రాల్లో గీత 3,000 పౌండ్ల దగ్గర ఉంటుంది. కాలిఫోర్నియాలో మామూలు ట్రైలర్లకు ఇదే లెక్క. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు. అంటే పై ఉదాహరణలోని 3,636 పౌండ్ల బండి టెక్సాస్‌లో బ్రేకులు లేకుండా తిరిగినా చట్టం ఏమీ అనదు. అదే బండి కాలిఫోర్నియా వెళితే తప్పవుతుంది. మధ్యలో బండీ మారలేదు, బరువూ మారలేదు.

మిగతా దేశాల్లో గీత ఇంకా కిందికి ఉంది. బ్రిటన్‌లోనూ, యూరప్‌లోనూ 750 కిలోల పైన బరువుకు తయారైన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. సుమారు 1,650 పౌండ్లన్నమాట. ఆస్ట్రేలియాలో కూడా 750 కిలోలే, కాకపోతే అక్కడ లెక్క ట్రైలర్ చక్రాల మీద పడే బరువుకి. 2,000 కిలోల వరకు ఒక ఇరుసుకి బ్రేకులుంటే చాలు, తోపుతో పనిచేసే రకమైనా సరిపోతుంది. అది దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి. ట్రైలర్ ఊడిపోతే వాటంతట అవే పడి, కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచే ఏర్పాటు కూడా ఉండాలి. టెక్సాస్‌లో నిక్షేపంగా తిరిగే పెద్ద బోటు ట్రైలర్‌ని మెల్‌బోర్న్ రోడ్డెక్కించాలంటే బ్రేకుల ఏర్పాటే మార్చాల్సి రావచ్చు.

చాలామంది తిరగేయని కాగితం ఒకటి ఉంది. అది లాగే వాహనం మాన్యువల్. "ఈ బండి 5,000 పౌండ్లు లాగుతుంది" అన్న ప్రకటన వెనక ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉంటాయన్న షరతు ఉంటుంది. ఎన్నో మాన్యువళ్ళలో ఆ షరతు 1,000 లేదా 1,500 పౌండ్ల నుంచే మొదలవుతుంది. ట్రక్కు పెద్దది కాబట్టి ఫర్వాలేదు అనే వాదన ఆ కాగితం దగ్గర నిలవదు. లాగే శక్తి ఇంజన్‌ది, ఆపే శక్తి బ్రేకులది, టైర్లది. రెంటికీ పోలిక లేదు.

## ఆగడమంటే వేడి పుట్టడం

గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్న 1,650 కిలోల ట్రైలర్‌లో దాదాపు 590 కిలోజౌళ్ళ శక్తి ఉంటుంది. బండి ఆగాలంటే ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. 30 డిగ్రీల దగ్గరున్న రెండు లీటర్ల నీళ్ళు మరిగే స్థితికి రావడానికి ఎంత వేడి కావాలో అంత. ట్రైలర్‌కి బ్రేకులు లేకపోతే ఆ భారమంతా ట్రక్కు డిస్కుల మీదే పడుతుంది, ట్రక్కు సొంత బరువు సంగతి చూసుకున్నాక అదనంగా.

దూరం లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 5,000 పౌండ్ల వాహనం ఒంటరిగా 60 మైళ్ళ వేగం నుంచి 140 అడుగుల్లో ఆగుతుందనుకుందాం. దాని టైర్లు రోడ్డుని పట్టుకునే బలం దాదాపు అంతే ఉండగా, వెనక 3,636 పౌండ్లు తగిలిస్తే ఆగే దూరం 1.7 రెట్లు పైగా పెరిగి 240 అడుగులకు చేరుతుంది. తేడా వంద అడుగులు. రెండున్నర సిటీ బస్సులు వరసగా నిలబెడితే ఎంత పొడవో అంత. వేగం 70కి పెరిగితే శక్తి మరో 36 శాతం పెరుగుతుంది. ఇది పొడి రోడ్డు లెక్క, డ్రైవర్ కాలు పెడల్ మీద పడ్డాక మొదలయ్యే లెక్క.

దూరం కన్నా భయపెట్టేది దిశ. తిన్నగా వెళుతూ ఆపితే ట్రైలర్ ట్రక్కుని వెనకనుంచి తిన్నగా తోస్తుంది. మలుపులోనో, తడి రోడ్డు మీదో ఆపితే ఆ తోపు పక్కకు పడుతుంది. ట్రక్కు వెనక చక్రాలు పట్టు వదిలితే బండీ ట్రైలరూ మడత కత్తిలా ముడుచుకుంటాయి. పంట రోజుల్లో వడ్ల బస్తాల ట్రాలీతో కాలవ గట్టు దిగే ట్రాక్టర్ డ్రైవర్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. దిగడానికి ముందే చిన్న గేరు వేసుకుంటాడు, బ్రేకు మీద భారం వేయడు.

## తోపునే బ్రేకుగా మార్చే ఉపాయం

దిగుడులో ఎడ్లబండి బరువంతా కాడి మీదికి వచ్చి ఎడ్లని ముందుకు తోస్తుంది. సర్జ్ బ్రేకు ఆ తోపునే వాడుకుంటుంది. ట్రైలర్ ముందు కొసన, హిచ్ బంతి మీద కూర్చునే కప్లర్ స్థానంలో యాక్చువేటర్ అనే భాగం వస్తుంది. అందులో రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి జారేలా ఉంటాయి. ట్రక్కు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, జారే ముక్క లోపలికి పోతుంది, దాని వెనకున్న కడ్డీ మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది. అక్కడి నుంచి బ్రేకు ఫ్లూయిడ్ సన్నటి గొట్టాల గుండా చక్రాల దగ్గరికి ఒత్తిడి తీసుకెళుతుంది. ట్రక్కు ఎంత గట్టిగా ఆగితే తోపు అంత ఎక్కువ, తోపు ఎంత ఎక్కువైతే ట్రైలర్ బ్రేకు అంత గట్టిగా పడుతుంది. డ్రైవర్ దగ్గర మీటా ఉండదు, కంట్రోలరూ ఉండదు. ఏ ట్రక్కు తగిలించినా పనిచేస్తుంది. బోటు అమ్మినా, ట్రక్కు మార్చినా బాధ లేదు.

దీనికి హద్దులున్నాయి. తోపు పూర్తిగా పోతే బ్రేకు కూడా పోతుంది కాబట్టి కొంత భారం ట్రక్కు మీద ఎప్పుడూ మిగులుతుంది. పొడవైన ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజన్‌తో వేగం తగ్గిస్తే ట్రైలర్ ఆగకుండా తోస్తూనే ఉంటుంది, దాని బ్రేకులు అంతసేపూ రాసుకుంటూ వేడెక్కుతాయి. ట్రైలర్ తోకలా ఊగడం మొదలైతే దాని బ్రేకు ఒక్కటే విడిగా వేసి సర్దే వీలు కూడా ఇందులో లేదు.

వ్యాపార వాహనాలకు ఈ రకం పనికొస్తుందా అన్న వివాదం అమెరికాలో చాలాకాలం నడిచింది. 2007లో కేంద్ర నియమం మారి షరతులతో ఒప్పుకుంది. 12,000 పౌండ్ల వరకు ట్రైలర్ సామర్థ్యం లాగే వాహనం సామర్థ్యానికి 1.75 రెట్లు మించకూడదు. అక్కడి నుంచి 20,000 వరకు 1.25 రెట్లు. ఇంటి బోట్లకు ఈ నియమం వర్తించదు గానీ, తోపు మీద ఆధారపడే బ్రేకుకు లాగే బండి బరువు కూడా ముఖ్యమేనని ఈ అంకెలు చెబుతున్నాయి.

## ఒక నీలం తీగ చేసే పని

సర్జ్ బ్రేకుకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. రివర్స్ చేసినా కప్లర్ లోపలికి నొక్కుకుంటుంది. బండి ఆగుతోందో, వెనక్కి పోతోందో దానికి తెలియదు. ఇంటి ముందు ఎత్తుగా ఉన్న డ్రైవ్‌వేలోకి బోటుని వెనక్కి ఎక్కించబోతే చక్రాలు బిగుసుకుంటాయి. బోటుని చెరువులోకి దించే ర్యాంప్ మీద దిగేటప్పుడు మాత్రం ఈ బాధ తక్కువ. అక్కడ ట్రైలర్ తన బరువుతో తానే కిందికి పోతూ కప్లర్‌ని బయటికి లాగుతుంది. అందుకే ర్యాంప్ దగ్గర బాగానే ఉన్న బండి ఇంటికొచ్చాక మొరాయిస్తుంది.

కొన్ని డ్రమ్ బ్రేకులను వెనక్కి తిరిగేటప్పుడు పట్టు వదిలేలా తయారు చేస్తారు. డిస్కులకు ఆ వీలు లేదు కాబట్టి యాక్చువేటర్ దగ్గర ఒక సోలినాయిడ్ వాల్వ్ పెడతారు. రివర్స్ లైటుకు వెళ్ళే కరెంటు దానికి అందగానే అది ఫ్లూయిడ్ దారి మూసేస్తుంది. తోపు ఉన్నా చక్రాలకు ఒత్తిడి అందదు. దీనికోసమే మామూలు నాలుగు తీగల ప్లగ్గుకు ఐదో తీగ వచ్చి చేరింది. నాలుగింటిలో తెలుపు ఎర్త్, గోధుమ రంగు వెనక దీపాలకి, పసుపు ఎడమ సిగ్నల్‌కి, ఆకుపచ్చ కుడి సిగ్నల్‌కి. ఐదోది నీలం. రివర్స్ సంకేతం దాని మీదే వస్తుంది.

తప్పు జరిగేది ఇక్కడే. పెద్ద ట్రక్కుల వెనక ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. అందులో కూడా ఒక నీలం తీగ ఉంటుంది, కానీ అది ఎలక్ట్రిక్ బ్రేకులకు కరెంటు పంపే తీగ. రివర్స్ సంకేతం ఆ సాకెట్‌లో నడిమి పిన్నుకు వస్తుంది. రంగు చూసి నీలాన్ని నీలానికి కలిపేస్తే ఏమవుతుంది? ఎలక్ట్రిక్ బ్రేకులకు కరెంటు పంపే బ్రేక్ కంట్రోలర్ ఉన్న ట్రక్కయితే, డ్రైవర్ పెడల్ తొక్కిన ప్రతిసారీ సోలినాయిడ్‌కి కరెంటు అందుతుంది. వాల్వ్ మూసుకుంటుంది. బ్రేకు ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే ట్రైలర్ బ్రేకులు పనిచేయడం మానేస్తాయి. దీపాలన్నీ చక్కగా వెలుగుతాయి, సిగ్నళ్ళు కొడతాయి, రివర్స్‌లో తప్ప ఎక్కడా తేడా కనపడదు. ఆ రివర్స్ ఇబ్బందిని కూడా "సర్జ్ బ్రేకులు అంతే" అని సరిపెట్టుకుంటారు. మార్కెట్లో దొరికే ఏడు నుంచి ఐదుకు మార్చే అడాప్టర్లలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి నడిమి పిన్నుని తీసుకుంటుంది, రెండోది బ్రేకు పిన్నుని. ప్యాకెట్ వెనక ఉన్న బొమ్మ చూడకుండా కొంటే ఎటు వస్తుందో చెప్పలేం.

నీళ్ళలో దింపేముందు ప్లగ్గు పీకే పాత అలవాటు దీనికి తోడు. వేడి బల్బు చల్లటి నీళ్ళు తగిలి పగలకుండా అలా చేసేవారు. ఎల్‌ఈడీ దీపాలకు ఆ భయం లేదు. ఐదో తీగ ఉన్న ట్రైలర్‌కి ప్లగ్గు పీకి, చదునైన చోట వెనక్కి తోస్తే బ్రేకులు పడి నిలిచిపోతుంది.

## ఎలక్ట్రిక్ ఎందుకు వద్దంటారు

గుర్రాల ట్రైలర్లకు, క్యాంపింగ్ బళ్ళకు అమెరికాలో ఎలక్ట్రిక్ బ్రేకులే మామూలు. డ్రమ్ములోపల అయస్కాంతం 12 వోల్టుల కరెంటుతో పనిచేసి బ్రేకు పడేలా చేస్తుంది. డ్రైవర్ చేతిలో కంట్రోలర్ ఉంటుంది, ఊగుతున్న ట్రైలర్‌ని ఒక్కదాన్నే పట్టి సర్దవచ్చు. ధరా తక్కువే. బోటు దగ్గర మాత్రం ఆ అయస్కాంతం, తీగల అతుకులు ప్రతి వారం నీళ్ళలో మునుగుతాయి. మంచినీళ్ళలో కొంతకాలం నెట్టుకొస్తాయి, ఉప్పునీళ్ళలో చాలా త్వరగా దెబ్బతింటాయి.

మధ్యేమార్గంగా ట్రైలర్ ముందు భాగంలో, నీళ్ళు తగలనంత ఎత్తులో ఒక ఎలక్ట్రిక్ పంపు పెట్టి, చక్రాల దగ్గర మాత్రం హైడ్రాలిక్ బ్రేకులు ఉంచే పద్ధతి వచ్చింది. క్యాబిన్‌లోని కంట్రోలర్ సంకేతం ఇస్తుంది, పంపు ఒత్తిడి పుట్టిస్తుంది. డ్రమ్ములకు సుమారు 1,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), డిస్కులకు 1,600 పీఎస్‌ఐ. కొండ రోడ్లలో బరువైన బోటు లాగేవాళ్ళకు ఇదే అన్నిటికన్నా మంచి ఏర్పాటు. ఖరీదు కాబట్టి 3,600 పౌండ్ల బోటుకు అంత దూరం పోవడం దండగే అనిపిస్తుంది.

## డ్రమ్మా, డిస్కా

రోడ్డు మీద తిరిగే బళ్ళలో బ్రేకులు బాగా వేడి మీదున్నప్పుడు కావాలని తీసుకెళ్ళి నీళ్ళలో ముంచేది బోటు ట్రైలర్ ఒక్కటే. మిగతా ఎంపికలన్నీ ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతాయి.

డ్రమ్ము మూసి ఉన్న గిన్నె లాంటిది. లోపలికి పోయిన నీళ్ళు, ఇసుక త్వరగా బయటికి రావు. ర్యాంప్ ఎక్కిన వెంటనే మొదటి నాలుగైదు సార్లు బ్రేకు పట్టు బలహీనంగా ఉంటుంది. తడి మీదే నిలిపి రెండు నెలలు వదిలేస్తే బ్రేకు షూలు తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుపోతాయి. డిస్కు తెరిచి ఉంటుంది, తిరిగేటప్పుడు నీళ్ళు విసిరేస్తుంది, మంచినీళ్ళ పైపుతో కడగడం సులువు. ప్యాడ్లు ఎంత అరిగాయో చక్రం పక్కనుంచే కనిపిస్తుంది. మూత విప్పనక్కర్లేదు.

డిస్కుల్లోనూ మెట్లున్నాయి. పోత ఇనుపవి చవక, పూత పూసినవి మధ్యస్థం, స్టెయిన్‌లెస్ స్టీలువి ఖరీదు. డాలస్ పక్కన లేక్ లూయిస్‌విల్‌లోనే తిరిగే బోటుకు పూత పూసిన డిస్కులు చాలు. హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ బే వెళ్ళే బోటుకు లెక్క మారుతుంది. సముద్రపు నీటిలో దాదాపు 3.5 శాతం ఉప్పు ఉంటుంది, అది బోల్టు సందుల్లో, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ జారే పిన్నుల్లో చేరి కూర్చుంటుంది. అలాంటి చోట స్టెయిన్‌లెస్ డిస్కులూ, మామూలు ఉక్కు గొట్టాలకు బదులు రాగి నికెల్ గొట్టాలూ ఖర్చుకు తగ్గ పని చేస్తాయి.

డ్రమ్ము నుంచి డిస్కుకు మారేవాళ్ళు యాక్చువేటర్ సంగతి మర్చిపోతుంటారు. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌లో బ్రేకు వదిలాక కూడా గొట్టాల్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వ్ ఉంటుంది. డ్రమ్ములకు అది మేలు. డిస్కులకు తగిలిస్తే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కుని రాస్తూనే ఉంటాయి. ముప్పై మైళ్ళు వెళ్ళేసరికి చక్రం చేయి పెట్టలేనంత కాలిపోతుంది.

## పని మొదలయ్యేది ఇరుసు చివర

బ్రేకులు లేని ట్రైలర్‌కి బ్రేకులు పెట్టవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చక్రం విప్పితే దొరుకుతుంది. చక్రం మధ్యలో ఉండే హబ్ వెనక, ఇరుసు గొట్టానికి వెల్డింగ్ చేసిన చదరపు పలక ఉండాలి. 3,500 పౌండ్ల ఇరుసుకైతే దానికి నాలుగు రంధ్రాలుంటాయి. డ్రమ్ము వెనక పలకైనా, డిస్కు క్యాలిపర్ బ్రాకెట్టైనా దానికే బిగించాలి. కొందరు తయారీదారులు బ్రేకులు అమర్చకపోయినా ఆ పలక ముందే పెట్టి అమ్ముతారు. అది ఉంటే పని సగం అయినట్టే.

లేకపోతే వెల్డింగ్ చేయించాలి, లేదా ఇరుసే మార్చాలి. వెల్డింగ్ చవకగా కనిపిస్తుంది. పలక ఇరుసుకు సరిగ్గా నిటారుగా, మధ్యకు కూర్చోకపోతే బ్రేకు ఒకవైపే అరుగుతుంది. పైగా బోటు ట్రైలర్లలో ఎక్కువ భాగం జింకు పూతవి. ఆ పూత మీద వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. పూత పోయిన చోట తుప్పూ మొదలవుతుంది. చాలా సందర్భాల్లో పలకతో వచ్చే కొత్త ఇరుసు కొనడమే తక్కువ తలనొప్పి.

ఆపైన చూసుకోవాల్సినవి: చక్రం రిమ్ములో క్యాలిపర్ పట్టేంత చోటు ఉందా, యాక్చువేటర్ ట్రైలర్ ముందు కడ్డీ వెడల్పుకు సరిపోతుందా, దాని సామర్థ్యం మొత్తం బరువు కన్నా ఎక్కువుందా. అల్యూమినియం ట్రైలర్‌కి ఉక్కు యాక్చువేటర్‌ని బోల్టులతోనే బిగించాలి, వెల్డింగ్ కుదరదు. డ్రమ్ములకు ఎడమ, కుడి వేరువేరు. పొట్టి షూ బండి ముందువైపుకు రావాలి. తిప్పి బిగిస్తే బ్రేకు పడుతుంది గానీ బలం ఉండదు. విడిభాగాలకే కొన్ని వందల డాలర్లవుతాయి, షాపులో చేయిస్తే కూలితో కలిపి వెయ్యి దాటడం మామూలే.

ట్రైలర్ హిచ్ నుంచి ఊడితే బ్రేకు లాగే తీగ ఒకటి యాక్చువేటర్‌తో పాటే వస్తుంది. దాన్ని ట్రక్కు చట్రానికే తగిలించాలి, హిచ్ బంతికి చుట్టకూడదు. మరీ పొట్టిగా కడితే మలుపులో దానంతట అదే లాక్కుని బ్రేకు పడిపోతుంది. అద్దంలో పొగ కనిపించేదాకా డ్రైవర్‌కి తెలియదు.

## బ్రేకులతో పాటు మార్చుకోవాల్సిన అలవాట్లు

గంట ప్రయాణం చేసి ర్యాంప్‌కి చేరేసరికి హబ్ వేడిగా ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్ళలో దింపగానే లోపలి గాలి, గ్రీజు ఒక్కసారిగా కుంచించుకుంటాయి. ఆ ఖాళీ వెనక సీలు గుండా నీళ్ళని లోపలికి పీలుస్తుంది. గ్రీజు మజ్జిగ రంగుకి తిరుగుతుంది, బేరింగు పాడవుతుంది. ఇది బ్రేకులు లేని ట్రైలర్లకూ ఉన్న బాధే, కానీ బ్రేకులు వచ్చాక హబ్ ఇంకా వేడెక్కుతుంది. ర్యాంప్ దగ్గర సామాను సర్దుకుంటూ ఓ పదిహేను, ఇరవై నిమిషాలు చల్లారనిస్తే నష్టం చాలావరకు తప్పుతుంది.

ఈ నీళ్ళ భయంతోనే చాలామంది హబ్ మూతలోంచి గ్రీజు గన్‌తో వీలైనంత గ్రీజు కూరుతుంటారు. బ్రేకులు లేనప్పుడు ఎక్కువైన గ్రీజు వెనక సీలు తోసుకుని రిమ్ముకి అంటేది, తుడిచేస్తే పోయేది. బ్రేకులు పెట్టాక అదే గ్రీజు బ్రేకు షూల మీదో, డిస్కు మీదో పడుతుంది. పాతికేళ్ళ మంచి అలవాటు కొత్త బ్రేకుని పనికిరాకుండా చేస్తుంది.

బ్రేకు ఫ్లూయిడ్ కూడా తేమను పీల్చుకునే రకమే, ఎక్కువ యాక్చువేటర్లలో వాడేది డాట్ 3. తేమ చేరిన ఫ్లూయిడ్ తక్కువ వేడికే మరిగి పట్టు వదులుతుంది, గొట్టాలనూ లోపలినుంచి తినేస్తుంది. కారుకి సర్వీసు గుర్తుచేసే దీపం ఉంటుంది. ట్రైలర్‌కి అలాంటిదేమీ లేదు కాబట్టి చలికాలానికి బోటు మూలన పెట్టే ముందు ఫ్లూయిడ్ చూడటం అలవాటు చేసుకోవాలి. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి.

బిగింపు అయ్యాక పరీక్ష రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది ఇంట్లోనే. ఇంజన్ ఆపి, తాళం మాత్రం తిప్పి, గేరు రివర్స్‌లో వేస్తే యాక్చువేటర్ దగ్గర సన్నగా 'క్లిక్' వినపడాలి. ఇంకొకరు పెడల్ తొక్కుతుండగా అదే చోట చెవి పెడితే ఏ చప్పుడూ రాకూడదు. రెండోది రోడ్డు మీద. ఖాళీ పార్కింగ్ స్థలంలో నెమ్మదిగా నాలుగైదు సార్లు ఆపి చూసి, తర్వాత ఓ పది మైళ్ళు వెళ్ళివచ్చి రెండు హబ్‌ల వేడి పోల్చాలి. వంటింట్లో వాడే దూరం నుంచి కొలిచే థర్మామీటర్ చాలు. ఒకవైపు మరీ వేడిగా ఉంటే ఆ బ్రేకు పూర్తిగా వదలడం లేదు. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే మంచిదే. రెండూ బొత్తిగా చల్లగా ఉంటే ట్రైలర్ బ్రేకు ఒక్కసారి కూడా పడలేదన్నమాట. ఏ గొట్టమూ విప్పకముందు ఆ నీలం తీగ ఎక్కడికి వెళ్ళిందో చూడాలి.